ఎక్కు, దింపుతా

నందిగామ చుట్టుపక్కల పరిగెత్తే మనిషి కనిపిస్తే ఒకటే అర్థం. ఏదో అయింది. బస్సు వెళ్ళిపోతుండొచ్చు, గేదె తాడు తెంచుకుని ఉండొచ్చు, ఆస్పత్రి నుంచి ఫోను వచ్చి ఉండొచ్చు. ఏమీ కాకుండా, వెనకాల ఎవరూ తరమకుండా, నలభై ఆరేళ్ళ మనిషి పొద్దున్నే చందర్లపాడు రోడ్డు మీద పరిగెత్తుతుంటే చూసినవాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడవు. బండి ఆపి అడగాల్సిందే. నాసర్ కష్టాలు ఇక్కడే మొదలయ్యాయి.

నాసర్ ఒక స్కూలు వ్యాను డ్రైవరు. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఇదే రోడ్డు మీద షేర్ ఆటో తోలాడు. చెయ్యెత్తిన మనిషిని వదిలేసి పోయింది లేదు. తన సీట్లో అటొకరు, ఇటొకరు, వెనక ఆరుగురు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు, పిల్లల ఒళ్ళో కూరగాయల సంచులు. అట్లా ఆ రోడ్డు మీద ఊళ్ళన్నీ ఏదో ఒక రోజున అతని ఆటో ఎక్కినవే. ఆ మనుషులకి ఇప్పుడు తలా ఒక బండి ఉంది.

రంజాన్ పండుగ వెళ్ళిన వారానికి కళ్ళు మసకేస్తున్నాయని డాక్టర్ రాజ్యశ్రీ దగ్గరికి వెళితే ఆవిడ రక్తపరీక్ష రాసింది. షుగరు మూడు నెలల సగటు తొమ్మిదీ పాయింట్ రెండు వచ్చింది.

"ఇది ఏడున్నర కిందకి రావాలి నాసర్ గారూ. జూన్‌లో స్కూలు తెరిచే ముందు మీ ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేనే. ఈ నంబరుతో అయితే పెట్టను," అంది.

పాతికమంది పిల్లలు ఎక్కే వ్యాను. ఆవిడ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. మాత్రలు రాసి, గుండె పరీక్ష కూడా చేయించి, రోజూ నడవమంది.

"నడవడం దేనికండీ, పరిగెత్తుతా," అన్నాడు నాసర్.

ఊరికే అన్న మాట కాదది. ఇంటర్ చదివే రోజుల్లో పదిహేను వందల మీటర్ల పరుగులో జిల్లా పోటీలకి మచిలీపట్నం దాకా వెళ్ళి మూడో స్థానం తెచ్చుకున్నవాడు. ఆటో తాళం చేతికొచ్చాక కాళ్ళకి బ్రేకు తొక్కడం తప్ప వేరే పని లేకుండా పోయింది. పొట్ట ఎప్పుడొచ్చిందో తెలియదు, వచ్చాక పోలేదు. డాక్టరు అతన్ని ఓసారి ఎగాదిగా చూసి, మొదట్లో కాస్త నడక, కాస్త పరుగు కలిపి చెయ్యండి, పట్టుదలకి పోవద్దు అని చెప్పి పంపింది.

షుగరు సంగతి భార్య గుల్షన్‌కి తప్ప ఇంకెవరికీ తెలియకూడదనుకున్నాడు. బయటపడితే పిల్లల తల్లుల చెవిన పడుతుంది. డ్రైవరుకి షుగరంట, కళ్ళు తిరుగుతాయంట అని స్కూలుకి ఒక్క ఫోను వెళితే చాలు, జూన్ దాకా కూడా ఆగరు. ఆ దాపరికమే తర్వాత అతని మెడకి చుట్టుకుంది.

మొదటి రోజు తెల్లవారుజాము ఫజర్ నమాజు అయిన గంటకి, తెల్లబూట్లు వేసుకుని, ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర మొదలుపెట్టాడు. మూడు వందల అడుగులు వేశాడో లేదో వెనక నుంచి మోపెడ్ చప్పుడైంది. బసవయ్య.

బసవయ్యకి అరవై ఎనిమిదేళ్ళు. నాలుగో కిలోమీటరు రాయి దగ్గర రోడ్డుకి ఎడమ పక్కనున్న ఎస్సీ కాలనీ మనిషి. తన రెండు గేదెల పాలూ, కాలనీలో ఇంకో నాలుగిళ్ళ పాలూ తెచ్చి నందిగామ పాల కేంద్రంలో పోసి, ఖాళీ క్యాన్లతో ఇంటికి వెళ్ళే వేళ అది.

"నాసరూ, ఏమైంది? ఎవరికన్నా బాగోలేదా?"

"ఏం లేదు బాబాయ్. ఊరికే పరిగెత్తుతున్నా."

బసవయ్య అతన్ని బూట్ల దాకా చూశాడు. "బండి చెడిందా?"

"లేదు."

"మరి ఎక్కడిదాకా?"

"ఇట్టా మూడో రాయి దాకా."

"నేనూ అటేగా పోయేది. ఎక్కు, దింపుతా."

వద్దనడానికి నాసర్‌కి నోరు రాలేదు. పెద్దమనిషి బండి ఆపాడు, కాలు నేలకి ఆనించి నిలబడ్డాడు, వెనక క్యాన్లు పక్కకి సర్ది చోటు చేశాడు. ఇంత చేశాక వద్దంటే ఏమనుకుంటాడు? మన వైపు ఈ మొహమాటం ఒకటుంది. దీనికి మందు ఏ డాక్టరూ రాయడు. నాసర్ ఎక్కి కూర్చున్నాడు.

మూడో రాయి దగ్గర దుర్గాంబ టీ బడ్డీ. బసవయ్య రెండు టీలు చెప్పాడు. దుర్గాంబ చక్కెర విడిగా వెయ్యదు, గిన్నెలోనే పాలతో మరిగిపోతుంది. చక్కెర లేకుండా కావాలంటే ఎందుకని అడుగుతుంది, బల్ల మీద నలుగురూ తలెత్తుతారు. పైగా ఇప్పిస్తున్నది బసవయ్య. ఆయన చిన్నతనంలో టీ కొట్ల బయట కాలనీవాళ్ళ గ్లాసులు వేరుగా చూరులో ఉండేవనీ, వాళ్ళే తీసుకుని తాగి, కడిగి, మళ్ళీ వాళ్ళే పెట్టి పోవాలనీ ఆటోలో ఎప్పుడో నవ్వుతూనే చెప్పాడు. అలాంటి మనిషి అందించిన గ్లాసు ఏ వంకతో తోసేస్తాడు? నాసర్ ఊది ఊది తాగేశాడు.

తిరిగొచ్చేటప్పుడు కంచికచర్ల వెళ్ళే కూరగాయల ఆటో ఆగింది. దాన్ని తోలే కుర్రాడి తండ్రిని నాసర్ ఒక వానాకాలం ఆస్పత్రికి తీసుకెళ్ళాడట. "ఎక్కు మామా," అన్నాడు. ఎక్కాడు.

ఆ నెలంతా అదే వరస. వెళ్ళేటప్పుడు బసవయ్య, ఆయన రావడం ఆలస్యమైతే పొలానికి వెళ్ళే హరిచరణ్ కారు. హరిచరణ్ ఇరవై ఎకరాల మిరప ఆసామి, ఏసీ వేసుకుని పొలానికెళ్ళే రకం. వచ్చేటప్పుడు ఎవరో ఒకరు. బండి చప్పుడు వినపడగానే నాసర్ పరుగు ఆపి నడకలోకి దిగేవాడు, ఏదో పని మీద పోతున్నట్టు. అదింకా అన్యాయం. నడిచే మనిషిని చూస్తే ఆగకుండా పోయేవాళ్ళు కూడా ఆగుతారు.

"ఇవాళ ఎంత?" అని గుల్షన్ అడిగేది.

"ఆరు కిలోమీటర్లు," అనేవాడు. వెళ్ళింది మూడు, వచ్చింది మూడు. అందులో అబద్ధం లేదు.

నెల తిరిగాక పరగడుపు పరీక్ష చేయిస్తే షుగరు ముందుకంటే ఎక్కువే ఉంది. బరువు కిలోన్నర పెరిగింది. డాక్టర్ రాజ్యశ్రీ కాగితం వంక, బూట్ల వంక చూసి, "రోజూ పరిగెత్తుతున్నారా?" అంది. నాసర్ కంటే ముందే గుల్షన్, "అవునండీ, రోజూ ఆరు కిలోమీటర్లు," అంది. భార్య అంత నమ్మకంగా చెబుతుంటే నాసర్ గోడ మీద క్యాలెండరు చదువుకున్నాడు.

బయటికొచ్చాక మెట్ల మీద నిలబెట్టి నిజం చెప్పించింది. బసవయ్య మోపెడ్డూ, దుర్గాంబ టీలూ, హరిచరణ్ కారూ, కూరగాయల ఆటో, అన్నీ విన్నది. మొదట నవ్వింది. మెట్టు మీద కూర్చుని మరీ నవ్వింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నప్పుడు అది నవ్వు కాదని అతనికి అర్థమైంది.

"మీ కాళ్ళకేం రోగం లేదు. నోటికుంది," అంది. "వ్యాను పోతే మళ్ళీ ఎవరు పిలుస్తారండీ మిమ్మల్ని, ఈ వయసులో? వాళ్ళందరికీ బాగుండాలని మీరిట్టా అయిపోతారా?"

ఆ తర్వాత ఆవిడే దారి చెప్పింది. "మీ చెల్లెలింటికెళ్ళండి ఆదివారం. అక్కడ మీరెవరో ఎవడికీ తెలియదు."

చెల్లెలు సల్మా వాళ్ళది జగ్గయ్యపేట. శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళి, తెల్లారగానే సల్మా వాళ్ళ వీధి దాటి రోడ్డెక్కాడు. సిమెంటు లారీలు వరసగా పోతున్నాయి. బైకులు పోతున్నాయి. ఒక్కటీ ఆగలేదు. మొదటి కిలోమీటరు ప్రాణం పోయినంత పనైంది. రెండో దాంట్లో నడిచాడు, మళ్ళీ అందుకున్నాడు. ఆ తర్వాత ఎక్కడో ఊపిరీ అడుగులూ ఒక లెక్కలో పడ్డాయి. భుజాలు వాటంతటవే దిగాయి. మచిలీపట్నం మైదానంలో ఆఖరి చుట్టులో ఎట్లా ఉండేదో ఒళ్ళంతటికీ ఒక్కసారి గుర్తొచ్చింది. షుగరు, జూను, సంతకం, ఏవీ ఆ పది నిమిషాలు అతని బుర్రలో లేవు. చాలా ఏళ్ళ తర్వాత నాసర్ ఊరికే సంతోషంగా ఉన్నాడు.

నాలుగు కిలోమీటర్లయ్యాక కల్వర్టు మీద కూర్చున్నాడు. చెమట కారిపోతోంది. ఎదురుగా టీ కొట్టు ముందు పదిమంది ఉన్నారు. అందులో ఒకడు కూడా ఏమైందని అడగలేదు, ఇటు చూడనైనా చూడలేదు. కావాలని వెతుక్కుంటూ వచ్చింది ఇదే. అయినా ఎందుకో మనసు చివుక్కుమంది. ఇక్కడ తను పడిపోతే లేపేవాడెవడో తెలియదనిపించింది. తన రోడ్డు మీదే పరిగెత్తాలి, వద్దని చెప్పే పరిగెత్తాలి అనుకున్నాడు.

తిరుగు బస్సులో నందిగామ వచ్చేదాకా వద్దనడం సాధన చేశాడు. అలవాటు లేని పని కదా, తేడా కొట్టింది.

సోమవారం పొద్దున బసవయ్య బండి ఆపి ఇంకా నోరు తెరవకముందే, "వద్దు బాబాయ్," అన్నాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. ధైర్యం చాలదేమోనన్న భయంతో మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశాడు. "నేను ఎక్కను. టీ కూడా వద్దు. రేపట్నుంచి నా కోసం బండి ఆపొద్దు."

బసవయ్య చేయి క్యాను మీద ఉంది, పక్కకి సర్దబోతూ. దాన్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టాడు. "సరే," అని వెళ్ళిపోయాడు.

నాసర్‌కి చెప్పేశానన్న తేలిక కలిగింది. అర కిలోమీటరు బాగానే పరిగెత్తాడు. అప్పుడు హరిచరణ్ కారు పక్కన ఆగి, లోపలి నుంచే తలుపు తెరుచుకుంది.

"ఎక్కు నాసరూ. మావాణ్ణి మీ స్కూల్లో చేర్పిద్దామనుకుంటున్నా. ఫీజుల సంగతి కొంచెం మాట్లాడాలి."

బస్సులో కూడబెట్టిన ధైర్యమంతా బసవయ్య మీద ఖర్చయిపోయింది. చల్లటి గాలి మొహానికి కొట్టింది. తెరిచిన తలుపు ఎదురుగా ఉంది. నాసర్ ఎక్కాడు. మూడో రాయి దగ్గర హరిచరణ్ సిగరెట్ల కోసం బడ్డీ ముందు కారు ఆపాడు. బల్ల మీద బసవయ్య కూర్చుని ఉన్నాడు, చేతిలో టీ గ్లాసు లేదు. కారు ముందు సీట్లో కూర్చున్న నాసర్‌ని చూశాడు. అంతసేపేం కాదు, ఒక్క క్షణం. తర్వాత లేచి మోపెడ్ తీసుకుని వెళ్ళిపోయాడు. హరిచరణ్ ఫీజుల గురించి ఏమేమి అడిగాడో, తను ఏమి చెప్పాడో నాసర్‌కి తెలియదు.

మర్నాడు మోపెడ్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు దుర్గాంబే చెప్పింది.

"బసవయ్య ఇటు రావట్లా. కాలవ కట్ట మీద పోతున్నాడు, రెండు కిలోమీటర్లు చుట్టు. నిన్న ఎదురుపడితే అడిగా. 'కారెక్కేవాడికి నా బండి మీద పాల కంపు కొడుతుందేమో, చెప్పొచ్చుగా, ఇన్నాళ్ళూ ఎందుకెక్కాడు' అన్నాడు. ఏం జరిగింది మీకూ ఆయనకీ?"

ఏం జరిగిందో నాసర్‌కి తెలుసు. మనుషులు ఎవరింట్లో మంచినీళ్ళు తాగరో, ఎవరి గ్లాసు ముట్టరో చూస్తూ పెరిగిన మనిషికి తను ఏం చేసి చూపించాడో తెలుసు. తన మనసులో అలాంటిదేం లేదని ఎన్నిసార్లు అనుకున్నా, చేసిన పని అలాగే ఉంది. సిగ్గుతో ఆ రోజు పరిగెత్తలేక ఇంటికి నడుచుకుంటూ వచ్చాడు. దారిలో ముగ్గురు బండ్లు ఆపారు. నడుస్తాను అన్నాడు. ఆ మాట ఇప్పుడు ఎంత తేలిగ్గా వస్తోందో చూసుకుని తన మీద తనకే ఒళ్ళు మండింది.

నాలుగో రోజు బసవయ్య పాలు పోయడానికి బయల్దేరకముందే అందుకోవాలని, రోజూలా గంట ఆగకుండా నమాజు అవుతూనే పరుగు మొదలుపెట్టాడు. ఎక్కడా నడవలేదు. కూరగాయల ఆటో ఎదురొచ్చి ఆగింది. చెయ్యి ఊపి దాటేశాడు. రెండో రాయి దగ్గర హరిచరణ్ కారు పక్కకొచ్చింది, అద్దం దిగింది.

"వద్దండి," అన్నాడు నాసర్, ఆగకుండానే. "బసవయ్య గారింటికి వెళ్తున్నా. పరిగెత్తే వెళ్ళాలి."

"బసవయ్య ఇంటికా? ఏమైందక్కడ?"

"ఏం కాలేదండి. నేనే చేశా."

హరిచరణ్ కాసేపు పక్కనే నెమ్మదిగా నడిపి, ఏమీ అర్థంకాక అద్దం ఎత్తేసుకుని వెళ్ళిపోయాడు. దుర్గాంబ బడ్డీ దాటింది. నాలుగో రాయి దాటింది. కాలనీలోకి తిరిగేసరికి నాసర్ బనీను ఒంటికి అంటుకుపోయింది. పరిగెత్తుకొస్తున్న మనిషిని చూసి ఇళ్ళల్లోంచి ఇద్దరు ముగ్గురు బయటికొచ్చారు, ఏమైందని.

బసవయ్య వాకిట్లో మోపెడ్‌కి పాల క్యాన్లు కడుతున్నాడు. తలెత్తి చూశాడు. మళ్ళీ తాడు అందుకున్నాడు. కోడలు గ్రేసీ మాత్రం లోపలి నుంచి నీళ్ళ చెంబు తెచ్చింది. నాసర్ చెంబెత్తి గటగటా తాగి, ఊపిరి పీల్చుకుని, ఇంట్లో తప్ప ఎక్కడా అనని మాట అందరూ వింటుండగా అన్నాడు.

"బాబాయ్, నాకు షుగరు. తొమ్మిది దాటింది. తగ్గకపోతే వ్యాను పోతుంది. పరిగెత్తమన్నారు. అందుకే ఎక్కనన్నా. అందుకే టీ వద్దన్నా."

బసవయ్య తాడు ముడి బిగించాడు. గ్రేసీ మామగారి వంక తిరిగి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"విన్నావా మామయ్యా?" అని, నాసర్‌తో, "ఈయనకి పన్నెండేళ్ళ నుంచీ ఉందన్నా. ఇంట్లో చక్కెర డబ్బా దాచిపెడతా. నెల నుంచీ ఎందుకు పెరిగిపోతుందో అర్థంకాక మాత్రలు కూడా మార్పించా. రోజూ నీతో కూర్చుని తాగొస్తున్నాడన్నమాట," అంది.

"అతను తాగుతుంటే నేనొక్కణ్ణే వద్దంటే ఏం బాగుంటుంది?" అన్నాడు బసవయ్య కోడలితో. అదే ఆయన అన్న మొదటి మాట.

నాసర్‌కి నవ్వొచ్చింది. బసవయ్య నవ్వలేదు. ఆయన అడగాల్సింది ఇంకా మిగిలే ఉంది, అది నాసర్‌కీ తెలుసు.

"ఆ రోజు కారు," అన్నాడు నాసర్. "హరిచరణ్ గారికి వద్దని చెప్పలేకపోయా బాబాయ్. నీకైతే చెప్పగలిగా."

బసవయ్య మోపెడ్ సీటు మీద దుమ్ము గుడ్డతో తుడిచాడు.

"నాకు చెప్పడం తేలికే నాసరూ," అన్నాడు. "అందరికీ నాకు చెప్పడమే తేలిక."

గొంతులో కోపం లేదు. ఉంటే నాసర్‌కి కాస్త బాగుండేది. పద్దెనిమిదేళ్ళు ఎవరినీ వదిలెయ్యకుండా ఎక్కించుకున్నానని తనకి తన మీదున్న గొప్ప ఆ వాకిట్లో ఏమీ మిగల్లేదు. క్షమించమని అడగబోయి మానుకుని, అక్కడున్న గట్టు మీద కూర్చుండిపోయాడు.

"అమ్మా గ్రేసీ, టీ పెట్టు," అన్నాడు నాసర్. "చక్కెర లేకుండా. ఇద్దరికీ."

అడిగి టీ పెట్టించుకున్న మనిషిని బసవయ్య కొంచెంసేపు చూశాడు. వచ్చి పక్కన కూర్చున్నాడు. టీ పరమ చేదుగా ఉంది. ఇద్దరూ మొహం చిట్లిస్తూ పూర్తిగా తాగారు. ఫిట్‌నెస్ కాగితం ఏమైందని అడిగేవాళ్ళుంటారు కాబట్టి చెబుతున్నా, జూన్‌లో ఏడూ పాయింట్ మూడు వచ్చింది, డాక్టర్ రాజ్యశ్రీ సంతకం పెట్టింది. ఆ పొద్దున మాత్రం నాసర్ ఆ కాగితం గురించి తలవలేదు.

గ్లాసు కింద పెట్టి లేచాడు. నందిగామ నాలుగు కిలోమీటర్లుంది. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. ఆ క్షణంలో ఎవరైనా ఎక్కమంటే బాగుండునని నిజంగా అనిపించింది. బసవయ్య మోపెడ్ స్టాండు తీస్తున్నాడు, తనూ నందిగామే వెళ్ళాలి. ఆయన ఎక్కమనలేదు. నాసర్ వస్తానని చెప్పి రోడ్డెక్కి, నెమ్మదిగా పరుగు అందుకున్నాడు.

అర కిలోమీటరు వెళ్ళాక వెనక నుంచి మోపెడ్ వచ్చింది. దగ్గరికొచ్చేసరికి అలవాటు కొద్దీ కొంచెం నెమ్మదించింది. బసవయ్య కాలు కిందకి జారబోయి మళ్ళీ పైకి వెళ్ళింది. ఆయన ఇటు చూసి, తలూపి, నిండు క్యాన్లతో అతన్ని దాటి వెళ్ళిపోయాడు. నాసర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకోవడానికి కూడా ఆగకుండా పరిగెత్తుతూనే ఉన్నాడు.